తెల్లారితే దిగే జ్వరం

అయినా నన్నే సాహెబ్ మామ మాంసం ముక్కలన్నీ ఇటు పక్కకే ఎందుకు తోస్తాడు, పళ్ళెం చుట్టూ ఇంకా ఐదుగురున్నారు, వాళ్ళకు ఆకలి లేదా, ఉంది, కానీ ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే ఈ అన్నం ఆయనది, ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు కాగానే రియాద్ బతా పేటలోని ఈ రెండో అంతస్తు మెస్సులో వచ్చినవాళ్ళందరికీ పెట్టే సద్కా అన్నం, రష్యా యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన కొడుకు ముజాహిద్ ప్రాణాలతో తిరిగి రావాలని పెట్టే అన్నం, చనిపోయినవాళ్ళ పేరు మీదైతే ఫాతిహా చదివించి పెడతారు, బతికున్నవాడి పేరు మీద కనుక ఇది సద్కా, ఫాతిహా అన్న మాట ఈ పళ్ళెం దగ్గర ఎవరి నోటా రాకూడదు, మరి ఇందులో మంచి ముక్క ఎవరికి పోవాలి, ఆ కొడుకును ఆఖరిసారి కళ్ళతో చూసి వచ్చినవాడికే పోవాలి, ఆ చూసి వచ్చినవాడు నబీ రసూల్, అంటే తనే, తిను నాయనా సిగ్గుపడాకు, దెబ్బ తిన్న ఒళ్ళు, ఎముక గట్టిపడాల, అంటాడు ఆయన, అంటూ ఎడమచేత్తో నబీ మోకాలు తడతాడు, ఆ తట్టుడుకు నోట్లో ముద్ద ఇసుకైపోతుంది, మింగుడు పడదు, ఉమ్మడానికి వీల్లేదు, ముప్పై రెండేళ్ళవాడు పదిమందిలో పళ్ళెంలో చెయ్యి పెట్టుకుని ఊరికే కూర్చుంటాడు.

ఏం మిలిట్రీ, ఇయ్యాల గింత సుస్తుగున్నవేంది, అని వంటగదిలోంచి భోజన్న కేక, నిజామాబాద్ మనిషి, ఈ మెస్సుకు వంటా వడ్డనా నవ్వూ అన్నీ అతనే, మా ఊర్ల ఒకాయన మిలిట్రీల ఇరవై ఏండ్లు జేసిండు, బందూకు తుడుసుడు తప్ప ఏం జెయ్యలే, పింఛను దీసుకొని మంచిగ తిరుగుతుండు, నువ్వేమో రెండు నెలలకే కాలు ఇరగ్గొట్టుకొని వస్తివి, గా ఇనుప ముక్క ఇంకా లోపల్నే ఉన్నదా, ఉంటే చెప్పు, ఏర్‌పోర్టుల మిషిన్ కుయ్యిమంటది, అందరూ నవ్వారు, తనూ నవ్వాడు, నవ్వకపోతే అనుమానం వస్తుంది, ఇనుప ముక్క అని తను ఏనాడూ ఎవరికీ చెప్పలేదు, అల్లా సాక్షిగా చెప్పలేదు, కుంటుకుంటూ విమానం దిగాడు, చూసినవాళ్ళే అనుకున్నారు, కాదని తను అనలేదు, అంతే, కాదని అనకపోవడం అబద్ధం కిందికి వస్తుందా రాదా అని ఏ మౌలానాను అడగాలి, అడగాలంటే ముందు అసలు సంగతి చెప్పాలి, ఏమని చెప్పాలి, నా తుంటిని తిన్నది గుండు కాదయ్యా, పచ్చి పాలు, అని చెప్పాలా, యుద్ధం నుంచి పాల రోగంతో తిరిగొచ్చిన సిపాయి, భోజన్నకు ఏడాదికి సరిపడా నవ్వు.

అవును, పాలే, అల్ ఖర్జ్ పాలు, రియాద్‌కు దక్షిణాన ఆ డెయిరీ ఫారంలో తనది పాలు పిండే షెడ్డు, ముజాహిద్‌ది మేత బండి, కడప దగ్గర ఒకే ఊరు, ఒకే బడి, వరసకు బావా బావమరుదులు, ఇక్కడా ఒకే గది, వేల ఆవులు, పాలు గొట్టంలోంచి గొట్టంలోకి పోవడమే కానీ మనిషి కంటికి కనిపించవు, షెడ్డు గోడ మీద ఐదారు భాషల్లో రాసి ఉంటుంది కాచని పాలు తాగరాదని, తెలుగులో లేదు, లేకపోతేనేం బొమ్మ ఉంది, గ్లాసు మీద ఎర్రగీత, ఆ బొమ్మ ముందు నుంచే రోజూ డ్యూటీ దిగి కంచె అవతల ఒంటెలు కాసే సూడాన్ ముసలాయన దగ్గరికి పోవడం, నురగ తేలే ఒంటె పాలు గిన్నెడు ఎత్తి తాగడం, తాగు బావా, కాస్తే బలం పోతాది, మా జేజినాయన పచ్చి పాలు తాగే తొంభై ఏండ్లు బతికినాడు, అని ముజాహిద్‌ను ఊరించడం, వాడు ముక్కు మూసుకుని, నీ బలం నువ్వే తాగు నబీగా, గొంగడి పిండిన నీళ్ళ మాదిరి ఉండాయి, అని పారిపోవడం, పాలవాడికి పాల సంగతి ఇంకొకరు చెప్పాలా అనే పొగరు, ఆ పొగరే ఒంట్లో దూరి, నెలా రెండు నెలలు చప్పుడు చేయకుండా పడుకుని, అక్కడ, రష్యాలో, ఆ మంచులో, లేచి కూర్చుంది, చివరికి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఫోనులో ఏదో నొక్కితే హిందీలో ఒక ఆడగొంతు అడిగింది, మీరు పశువుల మధ్య పనిచేశారా, కాచని పాలు తాగారా, తనకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాడు, పక్క మంచం మీద రెండు కాళ్ళూ పోయిన మనిషి తల తిప్పి చూశాడు, ఆ చూపు ఇప్పటికీ వీపు మీదే ఉంది.

ఏమి నాయనా చెయ్యి ఆగింది, అన్నాడు నన్నే సాహెబ్ మామ, ఆయన చెయ్యీ ఆగే ఉంది, అరవైకి దగ్గర పడిన మనిషి, ఇరవై ఏళ్ళుగా వీసా ఇచ్చిన ఒకే కఫీల్ దొర ఇంట్లో డ్రైవరు, గడ్డం ఈ ఏడాదిలోనే మొత్తం తెల్లబడింది, ఆయన గొంతు తగ్గించి, నీకొక సంగతి చెప్పల్ల, ఢిల్లీ నుంచి కాయితం వచ్చింది, ఆడ ఇంకా పేర్లు తెలియని శవాలుండాయంట, ఇంట్లోవాళ్ళ నెత్తురు తీసి సరిచూస్తారంట, సోమవారం కడపలో తీస్తారు, మీ అత్త పోయి ఇస్తే చాలంట, ఈ తేదీ దాటితే ఆ శవాలకు నంబర్లు వేసి పూడ్చేస్తారంట, మళ్ళీ ఎవురూ తవ్వరు, అన్నాడు, సరే మామా, ఇయ్యమను, అనాలి, తను మాంసం ముక్కను పళ్ళెం అంచుకు జరిపాడు, ఆయనే అన్నాడు, మీ అత్త ఒప్పుకునేలేదు రా, నబీ కండ్లారా చూసి వచ్చినాడు, బతికుండే బిడ్డకు శవాల లెక్కన నెత్తురిస్తే అరిష్టం, నేను ఇయ్యను పో, అంటాంది, కోడలు హలీమా ఒక మూల కూర్చోని గాజులు తీసేదా ఉంచుకునేదా తెలియక చేతులు చూసుకుంటాదంట, నాకేమో ఏడాదిన్నర ఫోను లేకుండా ఏ బిడ్డయినా ఉంటాడా అని ఒక దినం అనిపిస్తాది, నబీ చూసినాడు కదా అని ఇంగొక దినం అనిపిస్తాది, ఈ పొద్దు తేల్చేస్తా, అన్నం తిన్యాక వీడియో కాలు చేస్తా, నువ్వు చూసింది చూసినట్టు ఇంగోసారి గట్టిగా చెప్పు, నువ్వు వాడే అంటే పోవద్దులే అని నేనే చెప్తా, కాదు అంటే పోతాది, నీ మాట మీదనే ఉండాము మేము.

నీ మాట మీద, మాట ఎంత బరువు, అక్కడ మోసిన పెట్టెలంత, పెట్టెలు మోసే పనే కదా అని కదా పోయింది, ఫోనులో ఏజెంటు తియ్యగా చెప్పాడు, రష్యాలో గోదాములో పెట్టెలు ఎత్తాలి దించాలి, తుపాకి ముట్టుకునే పనే ఉండదు, ఏడాదికి అక్కడి పాస్‌పోర్టు, ముజాహిద్ వద్దన్నాడు, పేడ వాసనకు అలవాటు పడినాము కదా బావా, ఈడనే ఉందాం, అన్నాడు, తనే వినలేదు, ఇద్దరూ పాస్‌పోర్టు మీద ఖురూజ్, దేశం విడిచే ముద్ర, కొట్టించుకుని సౌదీ విడిచారు, దిగిన మూడో రోజు చదవడం రాని కాగితం మీద సంతకం, నాలుగో రోజు తలకు మిషను, బట్టలు తీసుకుని ఆకుపచ్చ బట్టలు, మేం గోదాము మనుషులం అంటే నవ్వారు, కాదంటే జైలు అని సైగ, పదిహేను రోజులు నేల మీద పాకడం, ఆ తర్వాత రాత్రికి రాత్రి బండెక్కించి అడవి అంచున ఒక గుంతలో దించారు, కర్రలు పేర్చిన కప్పు, లోపల ఎనిమిది మంది, అడుగున బురద, ఏజెంటు చెప్పింది ఒక్కటి మాత్రం నిజమైంది, పెట్టెలే మోశారు, ముందు గుంతల్లో ఉన్నవాళ్ళకు నీళ్ళూ గుండ్ల పెట్టెలూ, రోజుకు ఒక జత, తెల్లవారుజామున బయలుదేరాలి, గాల్లో డ్రోన్ చప్పుడు వినబడితే ఉన్నచోటే పడిపోవాలి, ఎవరి వంతు ఏ రోజో కమాండర్ ఒక అట్టముక్క మీద రాసి గుమ్మం దగ్గర మేకుకు తగిలించేవాడు, తెలియని అక్షరాలే అయినా తన పేరు ఆకారం తనకు తెలిసిపోయింది, వంగిన కొడవలి లాంటి అక్షరంతో మొదలవుతుంది, ఆ అక్షరం పై గీతకు వస్తే ఆ రోజు వంతు తనది, లేవగానే ముందు అదే చూసేవాడు.

అబద్ధం పుట్టింది అక్కడ కాదు, ఇంటికొచ్చాక, ముజాహిద్ అమ్మ మహబూబ్బీ అత్త పరుగెత్తుకుంటూ వచ్చి రెండు చేతులూ పట్టుకుంది, వాన్ని చూసినావా నాయనా, ఆఖర్న ఎప్పుడు చూసినావు, అని అడిగింది, వెనక వీధి వీధంతా నిలబడింది, చూసినా అత్తా, ఆసుపత్రి కాడ, బండి కిటికీలోంచి, బాగుండాడు, చెయ్యి ఊపినాడు, అని నోరు తనంతట తనే చెప్పేసింది, ఒక్క వాక్యం, కానీ అబద్ధానికి రోజూ మేత వెయ్యాలి, లేకపోతే అరుస్తుంది, పాదానికి కట్టు ఉండింది, నీలం టోపీ పెట్టుకున్నాడు, కొంచెం చిక్కినాడు, ఒక్కొక్కటీ వేశాడు, అది మేసి బలిసింది, ఆ కృతజ్ఞతకే నన్నే సాహెబ్ మామ తన కఫీల్ కాళ్ళా వేళ్ళా పడి నబీకి వీసా తెప్పించాడు, ఊరి బయట కఫీల్ తోటకు కాపలా, చెట్లకు నీళ్ళు పెట్టడం తప్ప బరువు పని లేదు, నా కొడుకు వార్త తెచ్చినోడు ఎండలో మూటలు మోయకూడదు అన్నాడట, అంటే ఇఖామా నివాస కార్డు మీద పేరు తనదే, దాని కింద ఉన్నది మాత్రం నీలం టోపీ, ఆ టోపీ నీడలో ఎనిమిది నెలలుగా తింటున్నాడు, పడుకుంటున్నాడు, ప్రతి శుక్రవారం ఇక్కడికొచ్చి మంచి ముక్క నములుతున్నాడు, వాడు బతికే ఉండొచ్చు కదా అని ఒక్కోసారి తనే నమ్మేస్తాడు, నమ్మాక ఆ రాత్రి నిద్ర పడుతుంది, ఎంత సిగ్గులేని నిద్ర.

భోజన్న పళ్ళెం తీశాడు, చాయ్ పెట్టాడు, ఏం మిలిట్రీ, ముద్దలన్నీ ఎన్కకే పోతున్నయి, నా వంట అంత ఖరాబుగున్నదా, అన్నాడు, బాగుందన్నా, జ్వరంగా ఉంది, అన్నాడు తను, అన్న వెంటనే నాలుక కరుచుకున్నాడు, జ్వరం, ఎంత సులువుగా వస్తుంది ఆ మాట, ప్రతిసారీ అదే అడ్డం, ఆ రోగం గుణం ఏమిటంటే సాయంత్రానికి ఎక్కుతుంది, పళ్ళు కొట్టుకునేంత చలి, ఒళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు, తెల్లారేసరికి చెమట పోసి దిగిపోతుంది, ఏమీ జరగనట్టు, డాక్టరమ్మ చెప్పకముందే తన ఒంటికి ఆ లెక్క తెలుసు, అప్పటికి వారం నుంచి అదే వరస, ఆ రాత్రీ అంతే, అట్టముక్క మీద పై గీతలో తన పేరూ ఒక నేపాలీ పేరూ, వణుకుతుంటే ముజాహిద్ తన కోటు కూడా తెచ్చి కప్పాడు, పలవరించాకు బావా, కమాండరు బూటుతో తంతాడు, అని నోరు మూసి నవ్వాడు, తెల్లవారుజామున చెమట పోసింది, జ్వరం దిగింది, ఒళ్ళు ఉతికి ఆరేసిన గుడ్డలా తేలికగా అయింది, ఆకలి వేసింది, కాళ్ళు కదిపి చూశాడు, కదిలాయి, లేవగలడు, పెట్టె మోయగలడు, అప్పుడే గుమ్మం దగ్గర కమాండరు గొంతు, రసూల్, అని, ఇంకోసారి రసూల్, తను కళ్ళు తెరవలేదు, తెరవలేకపోయాడని ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకున్నాడు, తెరవలేదు, అంతే, ఊపిరి బరువుగా తీస్తూ పడుకున్నాడు, పక్కన గడ్డి చప్పుడు, ముజాహిద్ లేచాడు, నుదుటి మీద చెయ్యి పెట్టాడు, రాత్రంతా కోటు లేకుండా ఉన్నవాడి చెయ్యి, మంచు గడ్డ, అంత చల్లటి చేతికి ఏ నుదురైనా వేడిగానే తగులుతుంది, ఇంకా కాలిపోతాండాది ఒళ్ళు, అన్నాడు వాడు తనలో తను, తర్వాత నేర్చుకున్న నాలుగు రష్యా మాటలతో, సైగలతో, వీణ్ణి వదిలెయ్ సాబ్, వీడి బదులు నేను పోతా, అన్నాడు, కళ్ళు తెరిచి, లేదు బావా, దిగిపోయింది, అనడానికి ఎంతసేపు పడుతుంది, మూడు మాటలు, కోటు కూడా తీసుకోలేదు వాడు, తన మీదే వదిలేసి పోయాడు, గుమ్మం గోనెపట్టా లేచి పడింది, చాలాసేపటికి దూరంగా తేనెటీగ లాంటి చప్పుడు, తర్వాత ఆ చప్పుడు లేదు, వెళ్ళి చూసొచ్చిన ఇంకో జత తల అడ్డంగా ఊపింది, ఇద్దరూ పోయారు, తెచ్చే వీల్లేదు, సాయంత్రం కమాండరు అట్టముక్క మీద రెండు గీతలు కొట్టాడు, వంగిన కొడవలి అక్షరం మీద కాదు, నేపాలీ పేరు మీద ఒకటి, కింద కొత్తగా రాసిన పేరు మీద ఒకటి, ఆ సాయంత్రం నిజంగానే జ్వరం వచ్చింది, ఇంతకుముందెన్నడూ లేనంతగా, నాలుగో రోజుకు స్పృహ లేదు, ఆసుపత్రికి పంపారు, సేవకు పనికిరాడు అని కాగితం రాశారు, ఆ కాగితంలో ప్రతి అక్షరమూ నిజమే, అన్ని రోజులకూ నిజమే, ఆ ఒక్క పొద్దున అరగంటకు తప్ప.

ఫోను మోగుతోంది, నన్నే సాహెబ్ మామ దాన్ని చాయ్ గ్లాసుకు ఆనించి నిలబెట్టాడు, తెరలో మొదట పైకప్పు, తర్వాత కొంగు, తర్వాత మహబూబ్బీ అత్త ముఖం, మరీ దగ్గరగా, కళ్ళే కనిపిస్తున్నాయి, నబీ వచ్చినాడా, యాడుండాడు, ఇట్ల తిప్పు, అంటోంది, తన బుర్ర చకచకా పనిచేస్తోంది, దొంగ బుర్ర, దారి దొరికింది, పొరపాటు పడినానేమో అత్తా, అంటే చాలు, బండి కదులుతా ఉండె, టోపీ చూసి వాడే అనుకున్యా, ఇప్పుడు ఆలోచిస్తే కాదేమో అనిపిస్తాంది, ఎందుకైనా మంచిది, నెత్తురియ్యి, అంటే చాలు, ఆమె సోమవారం పోతుంది, నెత్తురు సరిపోతే శవం పెట్టెలో వస్తుంది, మట్టి దొరుకుతుంది, హలీమా చేతులకు ఒక దారి దొరుకుతుంది, ఈ పళ్ళెం మీద ఫాతిహా చదువుతారు, ఇఖామా ఉంటుంది, తోట ఉంటుంది, పొరపాటు పడినవాణ్ణి ఎవరేమంటారు, పాపం జ్వరంలో ఉన్నాడు అంటారు, అంతా సరిపోతుంది, ఎవరికీ నష్టం లేదు, అత్తా, అన్నాడు, ఆమె ఆగమని చెయ్యి చూపించింది, ఆసుపత్రి మాట శానాసార్లు చెప్పినావు నాయనా, అది నాకు నోటికొచ్చు, అంతకు ముందర సంగతి చెప్పు, ఆ గుంతలో ఎట్లుండె నా బిడ్డ, ఏం చేసినాడు, ఎవురితో ఏం మాట్లాడినాడు, ఒక దినం సంగతి చెప్పు చాలు, ఎవురూ చెప్పరు నాకు, గవర్నమెంటు వాళ్ళు నంబరు చెప్తారు, మీ మామ దువా చెయ్యమంటాడు, వాని గురించి చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు, నా కొడుకు ఆడ మనిషి మాదిరి ఉండెనా, భయపడి ఏడ్చా ఉండెనా, అది చెప్పు ముందు.

నన్నే సాహెబ్ మామ తల వంచుకుని వింటున్నాడు, భోజన్న వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయాడు, తను ఫోనుకేసి చూశాడు, అక్కడ అడుగుతున్న ఆ రెండు కళ్ళకేసి చూశాడు, పొరపాటు అన్న మాట నాలుక చివర ఉంది, అది ఆమె అడిగినదానికి జవాబు కాదు, ఆమె అడిగినదానికి జవాబు లోకంలో ఒక్కడి దగ్గరే ఉంది, ఏడాదిన్నర నుంచి వాడు దాన్ని తన తప్పు అనుకుని, తన సిగ్గు అనుకుని, లోపలికి తోసి పైన కూర్చున్నాడు, కానీ ఆ గుంతలో ఆ పొద్దున తప్పు ఒక్కటే జరగలేదు, కోటు విడిచి లేచినవాడు ఒకడున్నాడు, ఎవరూ అడగకముందే నేను పోతా అన్నవాడు ఒకడున్నాడు, వాడు ఈమె కొడుకు, వాడు భూమ్మీద చేసిన ఆఖరి పని అది, దాన్ని కన్నతల్లికి దక్కకుండా తను మింగి కూర్చున్నాడు, తన ముఖం దాచుకోవడానికి వాడి ముఖం మీద కూడా గుడ్డ కప్పేశాడు, సోమవారం దొరికితే వాడి ఎముకలు దొరుకుతాయి, వాడు దొరకడు, తను చెబితేనే దొరుకుతాడు, ఈ మాట అన్నాక ఈ పళ్ళెంలో తనకు అన్నం ఉండదు, పోనీ, ఫోను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు, భయపడలేదత్తా వాడు, భయపడింది నేను, అన్నాడు, ఆ పొద్దు వంతు నాది, నన్ను రెండుసార్లు పిలిచినారు, ముజాహిద్ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి నా బదులు లేచి పోయినాడు, మళ్ళీ రాలేదు, నేను మేలుకొనే ఉంటి అత్తా, నాకు జ్వరం లేదు.